పాపికొండల్లో మొదటి రోజు: ఆగిపోయిన లైవ్ లొకేషన్

యూట్యూబ్‌లో యాట్ ట్రిప్ వీడియోలు చూసి చూసి 'మనమూ ఒకసారి వెళ్దాంరా' అనుకున్న బ్యాచ్ మాది. గ్రీస్ దాకా పోయే బడ్జెట్ లేదు. అందుకే మా ఖమ్మానికి దగ్గర్లో ఉన్నదానికే ఫిక్స్ అయ్యాం: భద్రాచలం వైపు నుంచి పాపికొండలు, రెండు రోజుల లాంచీ ప్రయాణం, రాత్రికి కొల్లూరు దగ్గర వెదురు గుడిసెల్లో బస. నెట్‌వర్క్ లేని చోట ఫోన్ ఎంతవరకు పనికొస్తుందో టెస్ట్ చేసి ఇక్కడ రాద్దామన్నది నా ప్లాన్.

అమ్మకి ఈ ట్రిప్ మొదటి నుంచీ ఇష్టం లేదు. 'నీళ్ళ మీద వద్దురా' అంటూనే ఉంది. చివరికి వాట్సాప్‌లో 8 గంటల లైవ్ లొకేషన్ పెడతానని మాటిచ్చాకే ఒప్పుకుంది.

పొద్దున్నే భద్రాచలంలో రాముల వారి దర్శనం చేసుకుని బయల్దేరాం. ఊరు దాటితే ఎటపాక, అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్. 2014లో ఈ చుట్టుపక్కల మండలాలు అటు వెళ్ళాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. రోడ్డుకి రెండు పక్కలా అడవి చిక్కబడే కొద్దీ ఫోన్లో 4జీ గీతలు ఒక్కొక్కటే రాలిపోతూ వచ్చాయి. లాంచీ ఎక్కే చోటు పోచవరం. అక్కడ అమ్మకి లైవ్ లొకేషన్ ఆన్ చేశాను. టైమ్ 10:50.

లాంచీ కదిలిన అరగంటకి సిగ్నల్ పూర్తిగా పోయింది. మీకు తెలిసే ఉంటుంది, టవర్ దొరకనప్పుడు ఫోన్ ఊరుకోదు, వెతుకుతూనే ఉంటుంది, బ్యాటరీ తినేది అదే. నా ఫోన్ గంటలో 14 శాతం తాగేసింది. వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, జీపీఎస్ మాత్రం ఆన్‌లో ఉంచాను. తర్వాతి గంటలో పడిపోయింది 4 శాతమే. ఫ్రెండ్స్ ముందు కొంచెం పోజు కూడా కొట్టాను.

ముందు రోజే డౌన్‌లోడ్ చేసుకున్న ఆఫ్‌లైన్ మ్యాప్‌లో నీలి చుక్క నది మధ్యలో బుద్ధిగా కదులుతోంది. నెట్ లేకపోయినా జీపీఎస్ పని చేస్తుందా అని చాలామంది అడుగుతుంటారు. చేస్తుంది. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సిగ్నల్‌ని ఫోన్ నేరుగా వింటుంది. నెట్ ఉంటే ఉపగ్రహాల వివరాలు ముందే దిగుతాయి కాబట్టి లొకేషన్ త్వరగా దొరుకుతుంది, లేకపోతే వాటి నుంచే నిదానంగా తీసుకోవాలి, అంతే తేడా. కొండలు రెండు వైపులా దగ్గరైన చోట ఆకాశం సన్నబడి, చుక్క చుట్టూ ఉన్న వలయం పెద్దదైంది. ఒకసారైతే మా లాంచీ కొండెక్కేసినట్టు చూపించింది.

పేరంటాలపల్లిలో దిగి శివాలయం చూశాం. కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు అమ్ముతుంటే అమ్మకని ఒక కట్ట కొన్నాను. మధ్యాహ్నం లాంచీ పైడెక్ మీద కూర్చుంటే పాపికొండలు మొదలయ్యాయి. ఆ మలుపుల్లో నది ముందు ఎటు పోతుందో తెలియదు, కొండే అడ్డం నిలబడ్డట్టు ఉంటుంది. ఫోటోలు చాలా తీశాను, ఒక్కటీ ఆ సైజు చూపించలేదు. అల్ట్రావైడ్‌లో కొండలు మరీ గుట్టల్లా వచ్చాయి. ఇక్కడ మెయిన్ కెమెరాయే నయం.

ఇంకా కిందికి ఏముందో చూద్దామని మ్యాప్‌ని జరిపాను. ఒక పేరు కనిపించింది. కచ్చులూరు.

2019 సెప్టెంబర్ 15న పాపికొండలకి బయల్దేరిన లాంచీ అక్కడే మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. బయటపడింది 26 మంది. ఒడ్డున ఉన్న ఊరివాళ్ళు పడవలేసుకుని వెళ్ళడం వల్ల ఆ మాత్రమైనా దక్కారు. 200 అడుగులకు పైగా లోతు. సోనార్‌తో వెతికారు, చివరికి 38వ రోజున కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్ళు, లంగర్లతో లాంచీని బయటికి లాగింది. అప్పుడు నేను కాలేజీలో ఉన్నా. అమ్మ రోజుల తరబడి టీవీ ముందు నుంచి లేవలేదు.

అప్పుడు వెలిగింది నాకు. అమ్మ ఫోన్లో నా చుక్క 11:20 దగ్గర ఆగిపోయి ఉంటుంది. గోదావరి నడిమధ్యలో.

లైవ్ లొకేషన్ అంటే ఫోన్ తన చోటు తెలుసుకోవడం ఒకటి, దాన్ని నెట్ ద్వారా పంపడం ఇంకొకటి. మొదటిది అద్భుతంగా జరుగుతోంది, రెండోది ఎప్పుడో చచ్చిపోయింది. జీపీఎస్ మన రేడియో లాంటిది, వినడమే గానీ మాట్లాడటం దానికి రాదు. సిగ్నల్ పోయిందా, ఫోన్ ఆఫ్ అయిందా, లాంచీ మునిగిందా, చూసేవాళ్ళకి మూడూ ఒకేలా కనిపిస్తాయి. మా ఫ్రెండ్ దగ్గర ఐఫోన్ 14 ఉంది, శాటిలైట్ ఎస్ఓఎస్ ఉన్న మోడలే. కానీ మేం వెళ్ళేనాటికి ఆ సర్వీస్ మన దేశంలో లేదు. బీటెక్ చదివి, రోజూ సర్వర్ డౌన్ అలర్ట్‌లు చూసే నేను, 'సిగ్నల్ పోతుందమ్మా, కంగారు పడకు' అనే ఒక్క ముక్క ముందే చెప్పలేదు.

సరంగుని అడిగాను, ఎక్కడైనా సిగ్నల్ దొరుకుతుందా అని. 'రేపు మళ్ళీ పోచవరమేనండి' అన్నాడు.

కొల్లూరులో రాత్రికి ఉండేవాళ్ళం దిగిపోయాం. ఒక్కరోజు టికెట్ వాళ్ళతో లాంచీ వెనక్కి బయల్దేరుతోంది. వాళ్ళలో ఖమ్మం నుంచే కుటుంబంతో వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు, భోజనాల దగ్గర మాట కలిసింది. పరిగెత్తి వెళ్ళి, టికెట్ వెనక అమ్మ నంబర్ రాసిచ్చాను. 'అంకుల్, సిగ్నల్ రాగానే మా అమ్మకి ఒక్క ఫోన్ చేస్తారా? కొల్లూరులో దిగాం, బాగానే ఉన్నాం అని చెప్తే చాలు.'

'లైఫ్ జాకెట్ వేసుకున్నాడని కూడా చెప్తాలే బాబూ' అని కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నారు. వేసుకునే ఉన్నా లెండి. సెల్ఫీ కోసం రెండు నిమిషాలు తీస్తే సరంగు కేకలేశాడు కూడా.

రాత్రి బొంగు చికెన్, ఇసుక, చలి. అందరూ పాటలు పెట్టుకున్నారు. నా ఫోన్లో ఇంకా 61 శాతం బ్యాటరీ ఉంది, దాంతో చేసే పనేమీ లేదు. ఆ కాగితం చేరిందో లేదో తెలిసే దారి లేదు.

మర్నాడు సాయంత్రం పోచవరం దగ్గర ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయగానే మిస్డ్ కాల్ మెసేజ్‌లు వరసగా పడ్డాయి. లెక్కపెట్టాను, 37. అన్నీ అమ్మవే. మొదటిది ముందు రోజు మధ్యాహ్నం 12:05కి, చివరిది సాయంత్రం 6:31కి. ఆ తర్వాత ఒక్కటి కూడా లేదు.