పవర్ యాంప్ మార్చాలా? ముందు మల్టీమీటర్ బయటికి తీయండి

హైఎండ్ ఆడియో పిచ్చి పట్టినవాళ్లందరికీ ఏదో ఒక రోజు ఈ దురద పుడుతుంది. స్పీకర్లు బాగున్నాయి, డ్యాక్ బాగుంది, ఇక పవర్ యాంప్ ఒక్కటి మారిస్తే? నాకూ పుట్టింది. నెల్లిమర్లలో మా ఇంట్లో ఉన్నది 8 ఓమ్స్ మీద ఛానెల్‌కి 80 వాట్లు ఇచ్చే క్లాస్ ఏబీ యాంప్. కన్ను పడింది మాత్రం 300 వాట్ల క్లాస్ డీ మోనోబ్లాక్‌ల జత మీద. పాతది అమ్మేసినా చేతి నుంచి రెండున్నర లక్షలు పెట్టాలి. ఆ డబ్బుతో మేడ మీద గది పని మొదలెట్టొచ్చని అమ్మ లెక్క. "ఉన్నది మోగుతోంది కదరా, ఇంకేటి కావాలి?" అంది. ఆ ప్రశ్నకి స్పెక్ షీట్‌తో జవాబు చెప్పలేం, కొలిచి చెప్పాలి. నేను కొలిచిన వరస ఇది. మీరూ ఇంట్లో చేసుకోవచ్చు.

80 నుంచి 300 అంటే ఎంత?

చూడ్డానికి దాదాపు నాలుగు రెట్లు. చెవికి అలా కాదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 80 నుంచి 300కి వెళ్తే వచ్చేది 5.7 డెసిబెల్స్. సౌండ్ రెండింతలు అయినట్టు మనకి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే 800 వాట్లు కావాలి. స్పీకర్ సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ ఎక్కువుంటే, యాంప్ పవర్ రెట్టింపు చేసినంత లాభం ఫ్రీగా వస్తుంది. అందుకే వాట్ల కంటే ముందు ఆ నంబర్ చూడండి.

అసలు మీరు ఎన్ని వాట్లు వాడుతున్నారు?

ఇది పది నిమిషాల పని. కావాల్సింది ఒక మామూలు మల్టీమీటర్, మైనస్ 12 డెసిబెల్స్ లెవెల్‌లో ఉన్న 120 హెర్ట్జ్ సైన్ టోన్ ఫైల్.

మీరు ఎప్పుడూ వినేదాంట్లో అన్నిటికంటే గట్టిగా పెట్టే పాట, అంతే గట్టిగా పెట్టండి. వాల్యూమ్ నాబ్ అక్కడే వదిలేయండి. యాంప్ ఆఫ్ చేసి స్పీకర్ వైర్లు తీసేయండి. మళ్లీ ఆన్ చేసి టోన్ ప్లే చేయండి. మీటర్‌ని ఏసీ వోల్టేజ్‌లో పెట్టి, ఒక ఛానెల్ ఎరుపు, నలుపు టెర్మినల్స్ మధ్య కొలవండి. వచ్చిన అంకెని 4తో గుణించండి. పాటలో ఫుల్ లెవెల్ పీక్ వచ్చినప్పుడు యాంప్ ఇవ్వాల్సిన వోల్టేజ్ అదే. ఒక హెచ్చరిక: వాల్వ్ యాంప్‌ని స్పీకర్ లేకుండా నడపకూడదు, దాని మీద ఈ టెస్ట్ చేయొద్దు.

నాకు వచ్చింది 3.1 వోల్టులు. నాలుగు రెట్లు 12.4. దాని వర్గాన్ని 8 ఓమ్స్‌తో భాగిస్తే 19 వాట్లు. నా స్పీకర్ ఇంపీడెన్స్ కొన్నిచోట్ల 4 ఓమ్స్‌కి దిగుతుంది, అక్కడ 38 వాట్లు అనుకోండి. 80 వాట్ల యాంప్ 8 ఓమ్స్ మీద 25 వోల్టుల దాకా వెళ్తుంది. అంటే నేను వాడేది అందులో సగం. ఇంకా 6 డెసిబెల్స్ మిగులు ఉంది. 300 వాట్లు తెస్తే ఆ మిగులే పెరుగుతుంది, నేను వినే పాట కాదు.

"క్వాలిటీ మారుతుంది కదా బ్రో?"

ఇది న్యాయమైన ప్రశ్నే. 1987 జనవరిలో అమెరికా పత్రిక స్టీరియో రివ్యూ ఒక బ్లైండ్ టెస్ట్ ప్రచురించింది. 220 డాలర్ల పయొనీర్ రిసీవర్ దగ్గర నుంచి 12,000 డాలర్ల ఫట్టర్‌మన్ వాల్వ్ యాంప్ దాకా పెట్టారు. ఏది మోగుతోందో చూడకుండా, లెవెల్స్ సమానం చేసి వినిపిస్తే శ్రోతలు నమ్మకంగా తేడా పట్టలేకపోయారు. తర్వాత రిచర్డ్ క్లార్క్ అనే ఇంజనీర్ ఇలాంటి టెస్ట్ నెగ్గినవాళ్లకి 10,000 డాలర్లు ఇస్తానని ఏళ్ల తరబడి సవాలు పెట్టాడు. డబ్బు ఎవరూ పట్టుకెళ్లలేదు.

దీని అర్థం యాంప్‌లన్నీ ఒకటేనని కాదు. క్లిప్ అవుతున్న యాంప్, నాయిస్ ఉన్న యాంప్, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువున్న యాంప్ తేడాగానే వినిపిస్తాయి. తమ పరిధిలో పనిచేస్తున్న రెండు మంచి యాంప్‌ల మధ్య తేడా మాత్రం మనం అనుకున్నదాని కంటే చాలా తక్కువ. షోరూమ్‌లో డెమో వింటే ఒకటి గుర్తుంచుకోండి: అర డెసిబెల్ గట్టిగా మోగేదే మనకి "క్లారిటీ ఎక్కువ" అనిపిస్తుంది. లెవెల్స్ మీటర్‌తో సమానం చేయని పోలికని పట్టించుకోవద్దు.

ఊళ్లో కరెంటు సంగతి

ఈ పాయింట్ విదేశీ రివ్యూల్లో దొరకదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న క్లాస్ ఏబీ యాంప్‌లో సాధారణంగా పవర్ సప్లై రెగ్యులేట్ అవదు. గోడ దగ్గర 230 వోల్టులు 190కి పడిపోతే, లోపలి వోల్టేజ్ కూడా అదే నిష్పత్తిలో పడుతుంది. అప్పుడు 80 వాట్ల యాంప్ 55 వాట్ల యాంప్ అవుతుంది. వినడానికి భయంగా ఉన్నా, పోయేది 1.7 డెసిబెల్స్ మాత్రమే. నా మిగులులో అది ఇమిడిపోతుంది. మీ మిగులు 1 డెసిబెలే అయితే మాత్రం, ఎండాకాలం సాయంత్రాలు పాట పగలొచ్చు.

క్లాస్ డీకి నిజమైన లాభం ఇక్కడే ఉంది. రెగ్యులేటెడ్ ఎస్ఎంపీఎస్ ఉన్న మోడల్ అయితే ఈ పతనాన్ని తట్టుకుంటుంది, వేడి తక్కువ, కరెంటు తక్కువ. క్లాస్ ఏ అయితే పాట లేకపోయినా వేడి కక్కుతూనే ఉంటుంది. మే నెలలో ఆ గదిలో కూర్చోవడం మీ ఇష్టం.

అసలు విలన్ గది

మన ఇళ్లు ఎలా ఉంటాయి? పైన శ్లాబ్, కింద టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు. గది మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. టంగ్‌మని తోక వినిపిస్తే, ఎన్ని లక్షల యాంప్ అయినా ఆ తోకతోనే వినిపిస్తుంది. నా గది 12 బై 14 అడుగులు. 14 అడుగుల పొడవుకి 40 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడి ఊగుతుంది, గోడల దగ్గర ఎక్కువగా. వెనక గోడకి ఆనించిన సోఫాలో మైక్ పెట్టి, ఉచితంగా దొరికే ఆర్ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే అక్కడ 11 డెసిబెల్స్ పీక్ వచ్చింది. యాంప్ మారిస్తే వచ్చేది 5.7, అదీ వాడితేనే. గది చేస్తున్న చెడు 11.

నెల్లిమర్ల అంటే జూట్ మిల్లే గుర్తొస్తుంది కదా, మందు కూడా ఆ సరుకులోనే ఉంది. గోనె గుడ్డలోంచి గాలి హాయిగా పోతుంది కాబట్టి ప్యానెల్ కవర్‌కి అది సరిగ్గా సరిపోతుంది. నాలుగు అడుగుల చెక్క ఫ్రేములు, లోపల నాలుగు అంగుళాల రాక్‌వూల్, పైన గోనె గుడ్డ. ఆరు ప్యానెల్స్‌కి, మైక్‌తో కలిపి రూ.18,000 అయింది. సోఫా మూడు అడుగులు ముందుకి జరిపితే ఆ 40 హెర్ట్జ్ పీక్ 2 డెసిబెల్స్ తగ్గింది. మిగిలినది ఈక్వలైజర్‌లో కోశాను. కోయడానికి అదనపు వాట్లు అక్కర్లేదు. లేని బేస్‌ని పెంచడానికే కావాలి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగులో వయొలిన్ కమాను ఎక్కడ తిరిగిందో ఇప్పుడు తెలుస్తోంది.

మరి ఎప్పుడు మార్చాలి?

కొలిస్తే మిగులు 3 డెసిబెల్స్ కంటే తక్కువ వచ్చినా, మీ స్పీకర్ 3 ఓమ్స్ కిందికి దిగి యాంప్ ప్రొటెక్షన్‌లోకి వెళ్తున్నా, పాట ఆపాక కూర్చున్న చోటికి హిస్ వినిపిస్తున్నా మార్చండి. హమ్ అయితే ముందు ఎర్తింగ్, కేబుల్స్ చూపించండి. యాంప్‌కి వయసైపోయిందంటే, కొత్తది కొనేముందు కెపాసిటర్లు మార్పిస్తే ఎంతవుతుందో అడగండి. పెద్ద హాల్‌లోకి మారుతుంటే అక్కడ మళ్లీ కొలవండి.

నా తీర్పు: 80 వాట్లే ఉంటాయి, రెండున్నర లక్షలు మేడ మీదికి వెళ్తాయి. ఆ గది కట్టేటప్పుడు పొడవు, వెడల్పు సమానం కాకుండా చూడమని మేస్త్రీకి ఇప్పుడే చెప్పి ఉంచాను.