పాత పైలట్ గడియారాల ఆనవాళ్లు

రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల్లో దారి లెక్కగట్టే బాధ్యత నావిగేటరుది. రాత్రివేళ సముద్రం మీదుగా ఎగురుతున్నప్పుడు కింద గుర్తుపట్టడానికి ఏమీ కనిపించదు కనుక, అతడు సెక్స్టెంట్ అనే కోణమాపకంతో నక్షత్రాల ఎత్తును కొలిచి, సరిగ్గా ఆ క్షణాన గడియారం చూపిన వేళను పట్టికలతో పోల్చి, విమానం ఎక్కడున్నదో నిర్ణయించేవాడు. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది కాబట్టి, గడియారం 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర లెక్క ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్లు తప్పుతుంది. అర నిమిషం తప్పితే సుమారు 14 కిలోమీటర్లు. సేకర్తలు పాత పైలట్ గడియారాల్లో వెదికే ఆనవాళ్లలో చాలావరకు ఈ లెక్కలోంచి పుట్టినవే తప్ప అలంకారానికి పెట్టినవి కావు.

జర్మన్ వైమానిక దళానికి 1940 నుంచి అందిన ‘బి-ఊర్’, అనగా పరిశీలకుడి గడియారం, ఇందుకు మంచి ఉదాహరణ. లాంగె, వెంపె, లాకో, స్టోవా అనే జర్మన్ సంస్థలు, ఐడబ్ల్యుసి అనే స్విస్ సంస్థ దీనిని తయారుచేశాయి. కేసు వ్యాసం 55 మిల్లీమీటర్లు. అంటే జేబు గడియారంలో పట్టేంత పెద్ద యంత్రాన్ని చేతికి కట్టారన్నమాట. దళసరి కోటు మీదుగా చుట్టుకునేందుకు పొడవాటి తోలు పట్టీ, చేతి తొడుగులతోనే తిప్పగలిగేలా ఉబ్బెత్తు కీ, ఆ కీని బయటికి లాగగానే సెకన్ల ముల్లు ఆగిపోయే ఏర్పాటు దీనిలో ఉంటాయి. ఈ చివరిది కాలసంకేతంతో సెకనుకు సెకను సరిచూసుకోవడానికి. 1941లో వచ్చిన రెండో రకం డయల్ మీద నిమిషాల అంకెలు వెలుపలి వలయంలో పెద్దవిగా ఉండి, గంటలు లోపలి చిన్న వలయంలోకి తప్పుకున్నాయి, ఎందుకంటే నావిగేటరుకు గంట ఎంతైందో ముందే తెలుసు, కావలసిందల్లా నిమిషమూ సెకనూ.

సైన్యానికిచ్చిన ఈ గడియారాల డయల్ మీద తయారీదారు పేరు ఉండదు. వివరాలన్నీ వెనుక మూత లోపలివైపున చెక్కి ఉంటాయి, కేసు పక్కన ‘ఎఫ్ఎల్ 23883’ అనే సంకేతం కనిపిస్తుంది. మూతలో చెక్కిన యంత్రం సంఖ్య, యంత్రం మీది సంఖ్య ఒకటి కాకపోతే, రెండు గడియారాల భాగాలను ఒకచోట చేర్చి అమ్ముతున్నారని అనుమానించవలసిందే.

అయితే అన్నిటికంటే గట్టి సాక్ష్యం డయల్ మీది పూతది. అంకెలు చీకట్లో కనిపించేందుకు ఆనాడు రేడియం లవణాన్ని జింక్ సల్ఫైడ్‌తో కలిపి పూసేవారు. రేడియం నుంచి వెలువడే ఆల్ఫా కణాల తాకిడికి జింక్ సల్ఫైడ్ మెరుస్తుంది, కానీ ఆ తాకిడికే దాని స్ఫటికాలు ఏళ్లు గడిచేకొద్దీ దెబ్బతిని, మెరిసే శక్తిని పోగొట్టుకుంటాయి. రేడియం అర్ధాయువు, అనగా దానిలో సగం క్షయించడానికి పట్టే కాలం, దాదాపు 1600 ఏళ్లు కాబట్టి వెలుగు చచ్చినా వికిరణం చావదు. అందువల్ల చీకట్లో మూగగా ఉండి, వికిరణాన్ని పసిగట్టే గైగర్ కౌంటరును మాత్రం టకటకలాడించే డయల్ నమ్మదగినది. 1942 నాటిదని చెప్పే గడియారం దీపం ఆర్పిన తర్వాత గంటల తరబడి వెలిగితే, దాని మీద 1990ల్లో వాడుకలోకి వచ్చిన స్ట్రాన్షియం అల్యుమినేట్ వంటి కొత్త పూత ఉన్నదని అర్థం. (తెలుగు వాడుకలో చీకట్లో మెరిసే ప్రతి స్టిక్కరూ ‘రేడియమే’ అయినా, వాటిలో రేడియం ఇసుమంతైనా ఉండదు.) ముళ్లు ఏళ్ల తరబడి ఒకేచోట ఆగిపోయిన డయల్ మీద కొన్నిసార్లు వాటి ఆకారంలోనే గోధుమరంగు మరక ఏర్పడుతుంది, దానిని నమ్మకంగా అనుకరించడం కష్టం. పెళుసెక్కిన ఈ పూత పొడిగా రాలి శ్వాసతో లోపలికి పోతే ప్రమాదం గనుక, ఇటువంటి గడియారాన్ని ఇంట్లో విప్పకూడదు.

భాగాల కాలాలు కలవకపోయినంత మాత్రాన మోసమని తీర్పు చెప్పడమూ తొందరపాటే. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కు 1949 నుంచి అందిన ఐడబ్ల్యుసి ‘మార్క్ 11’లో, అయస్కాంత క్షేత్రం హెయిర్ స్ప్రింగ్‌ను చేరకుండా యంత్రం చుట్టూ మెత్తని ఇనుప తొడుగు ఉంటుంది, వెనుక బాణం గుర్తు, ‘6బి/346’ అనే సంఖ్య, సంవత్సరం చెక్కి ఉంటాయి. ఆ సంవత్సరం 1951 అయి, డయల్ మీద మాత్రం రేడియానికి బదులు వాడిన ట్రిటియంను సూచించే, వలయంలో ఇమిడిన ‘టీ’ అక్షరం ఉండవచ్చు, ఎందుకంటే 1960లలో బ్రిటిష్ ప్రభుత్వమే అనేక గడియారాల రేడియం డయళ్లను తీసివేయించి కొత్తవి పెట్టించింది. అక్కడ ఆ తేడాయే నిజాయితీకి గుర్తు.

భారతదేశంలో సేకర్తల చేతికి ఎక్కువగా వచ్చేది హెచ్ఎంటీ పైలట్. జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో గడియారాల తయారీ మొదలుపెట్టిన హెచ్ఎంటీకి ఎంత పేరు వచ్చిందంటే, మహారాష్ట్ర రైతు దాదాజీ ఖోబ్రగడే తాను ఎంపిక చేసిన వరికి ఆ పేరే పెట్టారు, తెలంగాణ ఇళ్లలో వండుకునే హెచ్ఎంటీ బియ్యం అదే. పైలట్ నల్ల డయల్‌తో, యంత్రంలో 17 రాళ్లతో, రోజూ కీ ఇవ్వవలసిన సాదా గడియారం. పాత సరుకు బజారులో దొరికేవాటిలో చాలా వాటి డయళ్లకు మళ్లీ రంగు వేసి ఉంటారు. కేసు అరిగిపోయి డయల్ మాత్రం కొత్త నాణెంలా తళతళలాడటం, అక్షరాల అంచులు అలుక్కుపోవడం దానిని పట్టిస్తాయి. తండ్రి కట్టుకున్న గడియారాన్ని బాగుచేయించదలచినవారు యంత్రాన్ని శుభ్రం చేయించి నూనె వేయించాలి, డయల్‌ను మాత్రం ముట్టుకోవద్దని వాచీ రిపేరరుకు ముందే చెప్పాలి.