ఫైళ్ళు చదివిన జడ్జి

కెమ్నిట్జ్ అనగానే అందరికీ ఆ ఊళ్ళో ఉన్న పెద్ద కారల్ మార్క్స్ తల విగ్రహం గుర్తొస్తుంది. నాకు మాత్రం లోథార్ క్రైసిగ్ గుర్తొస్తాడు. 1898లో ఆ పక్కనే ఫ్లోహాలో పుట్టి, కెమ్నిట్జ్ కోర్టులోనే జడ్జి అయ్యాడు. నాజీ పార్టీలో చేరమని ఒత్తిడి చేసినా చేరలేదు.

1937లో బ్రాండెన్‌బర్గ్‌కి మారాడు. అక్కడ ఆయనది చిన్న పని. కోర్టు సంరక్షణలో ఉన్న మానసిక రోగుల బాగోగులు చూడాలి. 1940లో వాళ్ళ ఫైళ్ళలోకి మరణవార్తలు వరసగా రావడం గమనించాడు. రోగుల్ని ప్రభుత్వమే చంపిస్తోందని అర్థమైంది.

న్యాయశాఖ మంత్రి గ్యూర్ట్‌నర్‌కి ఉత్తరం రాశాడు. ఆ పథకం నడిపిస్తున్న ఫిలిప్ బౌలర్ మీద హత్యానేరం మోపాడు. తన అనుమతి లేకుండా ఒక్క రోగిని కూడా ఎక్కడికీ పంపొద్దని ఆస్పత్రులకి ఆదేశాలిచ్చాడు.

మంత్రి పిలిపించి హిట్లర్ సంతకం ఉన్న కాగితం చూపించాడు. ఆ కాగితం చట్టం కాదన్నాడు క్రైసిగ్. ఆదేశాలు వెనక్కి తీసుకోలేదు. ముందు విధుల నుంచి తప్పించారు, 1942లో రిటైర్ చేసి పంపేశారు.

హత్యలు ఆయన వల్ల ఆగలేదు. 1986లో ఆయన పోయాడు. కానీ అలాంటి ఫైళ్ళు దేశమంతటా ఎందరో జడ్జీల బల్లల మీద ఉండేవి. హత్య అని రాసి సంతకం పెట్టింది మాత్రం ఈయనే.