తెర నిండా సినిమా, మూలన యాంటీవైరస్

సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలో, కువైట్ సరిహద్దుకు కూతవేటు దూరంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఖఫ్జీ చమురు మీద పెరిగిన పట్టణం. 1960లో ఆ తీరానికి ఆవల సముద్రగర్భంలో చమురు పడింది. జపాన్‌కు చెందిన అరేబియన్ ఆయిల్ కంపెనీకి సౌదీ ఇచ్చిన అనుమతి 2000లో ముగిశాక, ఆ క్షేత్రాన్ని సౌదీ, కువైట్ సంస్థలు ఉమ్మడిగా నడుపుతున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కోనసీమ, కడప వంటి ప్రాంతాల నుంచి గల్ఫ్ బాట పట్టినవారికి ఇటువంటి పట్టణాల్లో డ్యూటీ దిగాక మిగిలే కాలం చాలావరకు క్యాంపు గదిలోనే గడుస్తుంది. దాదాపు 35 ఏళ్ల నిషేధం తర్వాత 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో సినిమా హాలు మళ్లీ తెరుచుకున్నప్పటికీ, దమ్మాంకు సుమారు 300 కిలోమీటర్ల ఎడంగా ఉన్న ఈ పట్టణంలో గురువారం రాత్రి తెలుగు సినిమా చూడాలనుకునే కార్మికుడికి అందుబాటులో ఉండేది చేతిలోని ఫోనో, మంచం మీది ల్యాప్‌టాప్పో, దానికి కేబుల్‌తో తగిలించిన గది టీవీయో మాత్రమే. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే యాప్‌ల మీద ఉన్న ఆంక్షలను 2017 సెప్టెంబరులో సౌదీ ఎత్తివేసిన నాటి నుంచి, ఇంటివాళ్ల ముఖాలు కనిపించేది కూడా ఆ తెర మీదనే. ఖఫ్జీలో రాత్రి 9 గంటలైతే ఇంటి దగ్గర 11:30 అవుతుంది కాబట్టి, పిల్లలు నిద్రపోకముందు దొరికే ఆ కాస్త సమయం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర లేదు.

సరిగ్గా అటువంటి సమయంలోనే తెర మూలన ఒక చిన్న పెట్టె పైకి వస్తుంది. స్కాన్ పూర్తయిందనో, కొత్త అప్‌డేట్ దిగిందనో, ఉచిత గడువు మూడు రోజుల్లో తీరుతుందనో, ఇప్పుడే కొంటే సగం ధరకే ఇస్తామనో అది చెబుతుంది. వాడేవారు అడగకుండానే తెర మీదికి వచ్చే ఇటువంటి పెట్టెను పాప్‌అప్ అంటారు; కంప్యూటర్‌లోకి చొరబడే హానికర ప్రోగ్రాములను పట్టుకునే యాంటీవైరస్ తాను పనిచేస్తున్నట్టు తెలియజేయడానికి దీన్ని వాడుకుంటుంది. ఇందులో నిజంగా ప్రమాదాన్ని తెలిపే కబురు తక్కువ, వ్యాపార ప్రకటన ఎక్కువ కావడమే అసలు చిక్కు. ప్రమాద హెచ్చరికనూ అమ్మకపు ప్రకటననూ ఒకే పెట్టెలో, ఒకే రంగులో, ఒకే చప్పుడుతో పంపడం వల్ల చూసేవారు రెండింటినీ ఒకే తీరుగా మూసేయడానికి అలవాటు పడతారు. ఆ అలవాటుకు తప్పు పట్టవలసింది వాడుకరులను కాదు, ఆ పద్ధతిని రూపొందించినవారిని.

సమయం కాని సమయంలో వచ్చే హెచ్చరిక ఎవరినీ కాపాడదన్న సంగతి పరిశోధనలోనూ తేలింది. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గూగుల్ క్రోమ్ బృందంతో కలిసి జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో చూస్తుండగా వచ్చిన భద్రతా సందేశాన్ని 79 శాతం మంది పట్టించుకోలేదు. ఒక కోడ్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి ఎక్కిస్తుండగా వస్తే 87 శాతం మంది దాన్ని వదిలేశారు. మనిషి మెదడు ఒకే సమయంలో రెండు పనుల మీద పూర్తిగా నిలవలేకపోవడమే దీనికి కారణమని వారు తేల్చి చెప్పారు. అదే సందేశాన్ని వీడియో ముగిసిన తర్వాతో, పేజీ తెరుచుకునేదాకా ఎదురుచూసే క్షణంలోనో చూపితే స్పందన గణనీయంగా మెరుగుపడింది. సినిమా మధ్యలో వచ్చే పాప్‌అప్‌ను ఆపడం వినోదం కోసం భద్రతను వదులుకోవడమన్న అభిప్రాయం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. హెచ్చరిక చదివించుకోవాలంటే దాన్ని చదివే తీరిక ఉన్నప్పుడే రావాలి.

తెర నిండా ఏదో నడుస్తున్నదని యాంటీవైరస్‌కు ఎలా తెలుస్తుందన్నది ఆసక్తికరమైన విషయం. విండోస్ విస్టా నాటి నుంచీ విండోస్‌లో ఒక సదుపాయం ఉంది: ఏ ప్రోగ్రాము అయినా పాప్‌అప్ చూపే ముందు, ఇప్పుడు చూపవచ్చా లేదా అని విండోస్‌ను అడగవచ్చు. తెరంతా ఒకే యాప్ ఆక్రమించి ఉన్నా, ప్రదర్శన నడుస్తున్నా, వాడుకరి తెర ముందు లేకపోయినా విండోస్ ఆ సంగతి చెబుతుంది. అయితే అడగడం తప్పనిసరి కాదు; అడిగి తెలుసుకున్నాక ఆగడం అంతకన్నా కాదు. పైగా ఫుల్ స్క్రీన్ అనేది అన్నిసార్లూ ఒకటే కాదు. కొన్ని ఆటలు తెర మీద పూర్తి అధికారాన్ని తమ చేతిలోకి తీసుకుంటాయి కాబట్టి, వాటి మీదికి ఇంకో విండో వస్తే ఆట మొత్తం కిందికి దిగిపోయి డెస్క్‌టాప్ కనిపిస్తుంది. బ్రౌజర్‌లో నడిచే సినిమా సాధారణంగా అలా కాక, తెర అంత పెద్దదైన ఒక మామూలు విండో మాత్రమే కావడం వల్ల దాని మీద ఏ పెట్టెయినా సులువుగా వచ్చి కూర్చుంటుంది.

ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి తగిలించినప్పుడు సమస్య మరో రూపం తీసుకుంటుంది. విండోస్ మీట, పి అక్షరం కలిపి నొక్కితే వచ్చే వరుసలో డూప్లికేట్ ఎంచుకుంటే ల్యాప్‌టాప్ తెర మీద ఉన్నదే టీవీ మీదా కనిపిస్తుంది. ఎక్స్‌టెండ్ ఎంచుకుంటే రెండూ కలిసి ఒకే విశాలమైన తెరలా పనిచేస్తాయి. డూప్లికేట్ చేసినప్పుడు నోటిఫికేషన్లను ఆపే నియమం విండోస్‌లో ముందే ఉంది. ఎక్స్‌టెండ్‌లో మాత్రం సినిమా టీవీ మీద నడుస్తున్నా, ల్యాప్‌టాప్ తెర మీద వేరే విండో తెరిచి ఉంటే వాడుకరి మామూలు పనిలో ఉన్నాడని ప్రోగ్రాములు భావించే అవకాశం ఉంది. గదిలో నలుగురైదుగురు కలిసి టీవీ చూసే సందర్భాల్లో డూప్లికేట్ పద్ధతే మేలు. లేదా టీవీ మాత్రమే వెలిగేలా నాలుగో ఎంపికను పెట్టుకోవచ్చు.

నోటిఫికేషన్లను విండోస్ స్థాయిలో అదుపు చేసే ఏర్పాటు 2018 ఏప్రిల్ అప్‌డేట్‌తో విండోస్ 10లోకి ఫోకస్ అసిస్ట్ పేరుతో వచ్చింది; ఫుల్ స్క్రీన్‌లో ఉన్నప్పుడు దానంతటదే మౌనం పాటించే నియమం 2019లో చేరింది. విండోస్ 11లో 2022 నుంచి దాన్నే డూ నాట్ డిస్టర్బ్ అంటున్నారు. సెట్టింగ్స్‌లోని సిస్టమ్ విభాగంలో నోటిఫికేషన్స్ తెరిచి, డూ నాట్ డిస్టర్బ్ ఎప్పుడు దానంతటదే మొదలవ్వాలో అడిగే చోట, ఫుల్ స్క్రీన్‌లో యాప్ వాడుతున్నప్పుడు అన్న గడిలో టిక్ పెడితే చాలు. ఆగిన సందేశాలు ఎక్కడికీ పోవు. విండోస్ మీట, ఎన్ అక్షరం కలిపి నొక్కితే వరుసగా కనిపిస్తాయి.

ఇంత చేసినా కొందరి తెర మీద పెట్టెలు ఆగకపోవడానికి కారణం, కొన్ని యాంటీవైరస్‌లు విండోస్ నోటిఫికేషన్ల దారిలో కాకుండా తమ సొంత విండోను తామే గీసుకోవడం. అటువంటివాటిని విండోస్ ఆపలేదు కాబట్టి, యాంటీవైరస్ లోపలికి వెళ్లే ఆపాలి. పుణే నుంచి వచ్చే క్విక్ హీల్‌లో దీనికి సైలెంట్ మోడ్ అని పేరు. అవాస్ట్‌లో డూ నాట్ డిస్టర్బ్ మోడ్, ఈసెట్‌లో గేమర్ మోడ్, బిట్‌డిఫెండర్‌లో మూవీ ప్రొఫైల్. పేర్లు వేరైనా పని ఒకటే: పెట్టెలను ఆపడం, కొన్నింటిలో స్కాన్‌ను, అప్‌డేట్‌ను కూడా సినిమా అయ్యేదాకా వాయిదా వేయడం. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ వాడేవారు విండోస్ సెక్యూరిటీలోని సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల విభాగం తెరిచి, స్కాన్ ఫలితాలు, వెంటనే ఏమీ చేయనక్కరలేని విషయాలు అన్నవాటిని ఆపి, ఫైళ్లను అడ్డుకున్నప్పుడు తెలిపే సందేశాన్ని మాత్రం ఉంచుకోవడం సమంజసం.

సౌదీలో కొన్న ల్యాప్‌టాప్‌లతో తెలుగువారికి మరో ఇబ్బంది ఎదురుకావచ్చు. విండోస్ అరబిక్‌లో ఉంటే తెర అమరిక మొత్తం కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది. గడియారం, చిన్న గుర్తులు ఎడమవైపు చేరతాయి, విండోను మూసే ఎక్స్ గుర్తు ఎడమ పై మూలన ఉంటుంది. అలవాటు కొద్దీ కుడివైపుకు వెళ్లిన చేయి మూసే గుర్తుకు బదులు పెట్టెలో మరేదో నొక్కుతుంది. ఆ నొక్కింది అంగీకారమో, నిరాకరణో అరబిక్ చదవలేనివారికి తెలియదు. తాను చదవలేని భాషలో వచ్చే భద్రతా సందేశం లేనట్టే లెక్క. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ విభాగంలో ఇంగ్లిషునో, తెలుగునో చేర్చుకునే వీలు విండోస్‌లో ఉంది. చవక ల్యాప్‌టాప్‌లతో తరచుగా వచ్చే సింగిల్ లాంగ్వేజ్ రకం విండోస్‌లో మాత్రం భాష మార్చడం అంత సులువు కాదు కాబట్టి, కొనేటప్పుడే దుకాణంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇప్పటిదాకా చెప్పినవి అసలైన యాంటీవైరస్ పంపే సందేశాలు. యాంటీవైరస్ పేరుతో తెర మీదికి వచ్చే పెట్టెల్లో కొన్ని నిజానికి యాంటీవైరస్‌వి కావు. అసలు ప్రమాదం వాటితోనే. 2015 నుంచి క్రోమ్ బ్రౌజర్ ద్వారా వెబ్‌సైట్లు కూడా నోటిఫికేషన్లు పంపే వీలు కలిగింది. ఉచితంగా కొత్త సినిమాలు చూపుతామనే దొంగ సైట్లు, సినిమా మొదలు కావాలంటే అనుమతించమని ఒక బటన్ చూపుతాయి. దాన్ని నొక్కినవారికి ఆ సైట్ మూసేశాక కూడా, మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లున్నాయి, మీ సభ్యత్వం ముగిసింది అంటూ పేరున్న కంపెనీల గుర్తులతో పెట్టెలు వస్తూనే ఉంటాయి. వాటిని గుర్తించే ఉపాయం ఒకటుంది: పెట్టె మీద బ్రౌజర్ పేరు, దాని పక్కన ఏదో సైట్ చిరునామా కనిపిస్తే అది యాంటీవైరస్ పంపినది కాదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి పొందిన సైట్లన్నీ వరుసగా కనిపిస్తాయి. ముక్కూమొహం తెలియని పేర్లన్నిటినీ అక్కడ తీసేస్తే ఆ పెట్టెలు మరి రావు. ఈ బెడద ఎంత పెరిగిందంటే, 2020లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ అనుమతి అడిగే పెట్టెను మరుగున పెట్టే మార్పులు తెచ్చాయి.

ఇంతకన్నా దుర్మార్గమైనది తెరంతా కమ్ముకునే నకిలీ హెచ్చరిక. బ్రౌజర్ ఫుల్ స్క్రీన్‌లోకి వెళ్లి, విండోస్ తెరను పోలిన బొమ్మ చూపి, సైరన్ మోగించి, ఒక ఫోన్ నంబరుకు కాల్ చేయమంటుంది. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే ఫుల్ స్క్రీన్ వదులుతుంది. అప్పటికీ కదలకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయవచ్చు. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎన్నడూ ఇవ్వదని స్వయంగా ప్రకటించింది. కాబట్టి నంబరు కనిపించిందంటే అది మోసమే. విండోస్ హెచ్చరికలను పోలిన పాప్‌అప్‌లతో భయపెట్టి మరమ్మతు సేవలు అమ్మారన్న ఆరోపణల మీద రెస్టోరో, రీఇమేజ్ అనే కంపెనీలు 2.6 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించినట్టు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 మార్చిలో ప్రకటించింది. గల్ఫ్‌లో ఉన్న కార్మికుడికి ఈ మోసం మరింత ప్రమాదకరం: జీతం పడే ఖాతా, ఇంటికి డబ్బు పంపే యాప్, అఖామా అనే నివాస అనుమతి వివరాలుండే ప్రభుత్వ యాప్ అబ్షర్ అన్నీ ఒకే ఫోన్‌కు ముడిపడి ఉంటాయి కాబట్టి, దూరం నుంచి తెరను చూసే యాప్ వేయించుకుని ఓటీపీ చెప్పించుకున్నవాడి చేతిలోకి ఏళ్ల కష్టార్జితం క్షణాల్లో వెళ్లిపోతుంది. ఇండియాలోని ఖాతా నుంచి డబ్బు పోయిన పక్షంలో ఇంటివాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి.

పెట్టెల పోరు పడలేక యాంటీవైరస్‌నే ఆపేయడం, ముఖ్యంగా అనుక్షణ రక్షణ అనే రియల్ టైమ్ ప్రొటెక్షన్‌ను ఆపి మళ్లీ పెట్టడం మరిచిపోవడం, చాలామంది చేసే పని. ఈల వేయవద్దని కాపలాదారుకు చెప్పడం వేరు, అతణ్ని ఇంటికి పంపేయడం వేరు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఉచిత యాంటీవైరస్ గడువు తీరి రోజూ డబ్బు అడుగుతుంటే, దాన్ని కొనడమో, పూర్తిగా తొలగించడమో చేయాలి. తొలగిస్తే విండోస్ డిఫెండర్ దానంతటదే కాపలాకు వస్తుంది, అదనంగా పైసా ఖర్చు లేదు. గడువు తీరినదాన్ని అలాగే ఉంచి, దాని పెట్టెలను రోజూ మూస్తూ గడపడం అన్నిటికన్నా చెడ్డ దారి.

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ విషయం పూర్తిగా వేరు. ఖఫ్జీ ఉన్న తూర్పు ప్రాంతంలోనే, ధహ్రాన్ కేంద్రంగా పనిచేసే సౌదీ చమురు సంస్థ అరామ్‌కో మీద 2012 ఆగస్టు 15న షమూన్ అనే వైరస్ విరుచుకుపడి దాదాపు 30,000 కంప్యూటర్లలోని సమాచారాన్ని తుడిచిపెట్టింది. చమురు ఉత్పత్తి ఆగకపోయినా కార్యాలయాల పని రోజుల తరబడి స్తంభించింది. ఆ అనుభవం తర్వాత చమురు సంస్థల కంప్యూటర్లలో భద్రతా అమరికలు ఐటీ విభాగం చేతిలో ఉండడాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. ఈ అమరికలు సంస్థ అదుపులో ఉన్నాయన్న మాట సెట్టింగ్స్‌లో కనిపిస్తే, వాటిని మార్చే దొడ్డిదారులు వెతకకూడదు. సినిమాలకు సొంత యంత్రం వాడుకోవాలి.

ఫోన్‌లో పని ఇంకా తేలిక. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో యాప్ తన నోటిఫికేషన్లను రకాలుగా విడదీసి చూపవచ్చు కాబట్టి, వచ్చిన పెట్టెను వేలితో నొక్కి పట్టుకుంటే ప్రకటనల రకాన్ని ఆపి, ప్రమాద సూచనల రకాన్ని ఉంచుకునే వీలు చాలా యాప్‌లలో దొరుకుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్ నోటిఫికేషన్లు పంపాలంటే ముందుగా అనుమతి అడగాలి. ఫోన్‌ను శుభ్రం చేస్తామంటూ వచ్చే ఊరూపేరూ లేని యాప్‌లు ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతి కోరితే ఇవ్వకూడదు; వీడియో కాల్ మీదికి ప్రకటన దూకేది ఆ అనుమతి వల్లనే. ఇదివరకే ఇచ్చి ఉంటే, సెట్టింగ్స్‌లో ప్రత్యేక అనుమతుల వరుసలో ఆ యాప్ పేరు వెతికి దాన్ని వెనక్కు తీసుకోవచ్చు.