నిజం రాస్తేనే ధీమా!

సాలూరు లారీలు విజయనగరం వెళ్లాలంటే గజపతినగరం దాటాల్సిందే. ఆ దారిలో స్టీరింగ్ పట్టి బతికే ఇంటిపెద్దకి జీవితబీమా ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. మరి చలానాలున్నా, ఎప్పుడో తాగి నడుపుతూ పట్టుబడినా పాలసీ ఇస్తారా?

అమెరికాలో అయితే బీమా సంస్థలు డ్రైవింగ్ రికార్డు తెప్పించుకుని, దాన్నిబట్టి ప్రీమియం పెంచుతాయి. మన దగ్గర ప్రధానంగా చూసేది ఆరోగ్యం, ఆదాయం, వృత్తి, అలవాట్లు. కొన్ని సంస్థలు కేసుల గురించీ అడుగుతాయి. చిక్కంతా అక్కడే. మందు అలవాటున్నా 'లేదు' అని రాసేసి సంతకం పెట్టేవాళ్లెందరో!

2015లో సవరించిన బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం, మూడేళ్లలోపు అలాంటి అబద్ధం బయటపడితే సంస్థ క్లెయిమును తిరస్కరించొచ్చు. మూడేళ్లు దాటాక ప్రశ్నించడానికి వీల్లేదు. మధ్యలో పాలసీ ల్యాప్సయి మళ్లీ కట్టారా... లెక్క మొదటికొస్తుంది.

ఇంకో మెలిక. మత్తులో నడిపి ప్రాణం పోగొట్టుకుంటే, ప్రమాద మరణానికి అదనంగా ఇచ్చే సొమ్ము సాధారణంగా రాదు.

అందుకే ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. ప్రీమియం కాస్త పెరిగితే పెరగనీ. రేపు ఆ కాగితం పట్టుకుని బీమా ఆఫీసు మెట్లెక్కాల్సింది మీరు కాదు, మీ ఇల్లాలు!