ఆట ముగిశాక అట్టబొమ్మలో ఏం మిగులుతుంది?

వేసవి వస్తే నూజివీడు ప్రాంతంలో ఎటు చూసినా బంగినపల్లి, చిన్నరసం కాయల పెట్టెలే. ఖాళీ అయిన అట్టపెట్టె ఒకటి తీసుకుని, దాని అంచును పరీక్షగా చూడండి. రెండు చదునైన కాగితాల నడుమ అలలుగా మడిచిన కాగితం కనిపిస్తుంది. ఆ మడతలు నిలువుగా ఉన్నప్పుడు ఒక్కొక్కటి ఒక చిన్న స్తంభంలా బరువు మోస్తుంది. అందుకే పెట్టె మీద పెట్టె పేర్చినా అడుగుది వెంటనే నలిగిపోదు.

జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 2018 ఏప్రిల్‌లో ఇలాంటి అట్టతోనే 'లాబో' అనే కిట్టు విడుదల చేసింది. అట్టముక్కలు మడిచి పియానో, గేలం, బుల్లికారు వంటివి మనమే తయారుచేయాలి. వాటికి వీడియో గేము యంత్రాన్నీ, దాని కంట్రోలర్లనూ అమర్చి ఆడుకోవాలి. విడుదలైనప్పుడు అమెరికాలో కిట్టు ధర దాదాపు 70 డాలర్లు ఉండేది. అంటే అప్పటి లెక్కన సుమారు 4,600 రూపాయలు. యంత్రం ధర వేరే! మరి అంత డబ్బుకు తగినంత సరుకు అందులో ఉందా?

ఆటలను మాత్రమే లెక్కపెడితే, లేదనే చెప్పాలి. గేలంతో చేపలు పట్టే ఆట నాలుగు రోజుల్లో పాతబడుతుంది. అసలు సరుకు మరోచోట ఉంది.

ఆ పియానోలో ఒక్క తీగ కూడా లేదు. ఏ మెట్టు నొక్కామో యంత్రానికి ఎలా తెలుస్తుంది? కంట్రోలర్లో పరారుణ కిరణాలను చూడగల కెమెరా ఉంది. మెట్టు వెనుక కాంతిని తిప్పికొట్టే బిళ్ల అంటించి ఉంటుంది. మెట్టు నొక్కగానే బిళ్ల కదిలి కెమెరాకు కనబడుతుంది. కారుకైతే చక్రాలే లేవు! రెండు పక్కలా తగిలించిన కంట్రోలర్లు కంపిస్తుంటే అది అట్టకాళ్ల మీద ముందుకు జరుగుతుంది. కిట్టులో 'గరాజ్' అనే భాగం కూడా ఉంది. అందులో "ఇది జరిగితే అది చెయ్యి" అని మనమే ఆదేశాలు కూర్చి కొత్త ఆటలు కల్పించవచ్చు.

కాబట్టి ఏ కిట్టు కొనాలన్నా ముందు ఇలా అడగండి: "బొమ్మలో చూపినట్టు కట్టేశాక, నేను మార్చి చూడగలిగింది ఇంకేమైనా ఉందా?" లేకపోతే అది త్వరలోనే అటకెక్కుతుంది.

కారు సూత్రం తెలుసుకోవడానికి మాత్రం 4,600 రూపాయలు అక్కర్లేదు. మామిడిపెట్టె నుంచి అరచేయంత అట్ట కత్తిరించండి. రెండు పక్కలా కాళ్లు మడిచి, వాటి కొనలు కాస్త వెనక్కి వాలేలా వంచండి. పాత ఆటబొమ్మలోని చిన్న మోటారును పైన అంటించండి. దాని ఇరుసుకు రబ్బరు ముక్కను నడిమధ్యన కాకుండా, ఒక పక్కకు గుచ్చండి. 1.5 వోల్టుల బ్యాటరీ కలపండి. ఒరగబరువు తిరిగే కొద్దీ అట్ట కంపించి, కాళ్లు వాలిన దిక్కుకు ఎదురుదిక్కులో జరుగుతుంది.

ఇప్పుడు ఒక పక్క కాళ్ల వాలు మాత్రమే మార్చండి. రబ్బరు ముక్కను పెద్దది చేయండి. కారును గచ్చు మీదా, చాప మీదా నడపండి. ప్రతిసారీ ఏమవుతుందో ముందుగా ఊహించి నోటుపుస్తకంలో రాసుకుని, ఆ తరువాతే బ్యాటరీ కలపండి.