భూమి క్రింది గ్యాసు, భూమి మీది బ్రతుకు: కోనసీమ అనుభవం

పారిశ్రామికీకరణ వలన ప్రజల జీవన ప్రమాణాలు పెరుగుతాయా, తగ్గుతాయా అన్న ప్రశ్నకు కోనసీమలో పరిచర్య చేసే మనం దూరం వెళ్లి జవాబు వెదకనక్కరలేదు. మామిడికుదురు మండలం చాలు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ సీమ వరికి, కొబ్బరికి పేరు పొందింది. పరిశ్రమ అంటే చాలాకాలం పీచు తీయడం, తాళ్లు పేనడమే. గత శతాబ్దం చివరి దశాబ్దాలలో ఓఎన్‌జీసీ బావులు త్రవ్వడంతో కొబ్బరితోటల మధ్య రిగ్గులు లేచాయి. మేలు జరగలేదని అనలేము. కొందరికి ఉద్యోగాలు, కొందరికి కాంట్రాక్టు పనులు దొరికాయి. దేశానికి విద్యుత్తు, ఎరువులు అందాయి. అయితే మేలు పైపులో ఎంతో దూరం ప్రయాణించింది. ప్రమాదం మాత్రం ఊరిలోనే ఉండిపోయింది.

1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో మంటలు లేచాయి. అవి ఆరడానికి 65 రోజులు పట్టింది. చుట్టుప్రక్కల ప్రజలను ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ వేడిని, ఆ హోరును ఆనాటివారు ఇప్పటికీ చెబుతారు.

2014 జూన్ 27 తెల్లవారుజామున అదే మండలంలోని నగరం గ్రామంలో, తాటిపాక నుండి కొండపల్లి వైపు విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకువెళ్లే గెయిల్ పైపులైను పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. పలువురు నిద్రలోనే కాలిపోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి.

కారణాన్ని కాపరులు కూడా తెలుసుకోవాలి. బావి నుండి వచ్చే గ్యాసులో నీరు, కార్బన్ డయాక్సైడు కలిసి ఉంటాయి. ఆ రెండూ కలిస్తే ఆమ్లమై ఉక్కును లోపలి నుండి తినివేస్తుంది. అందుకే గ్యాసులోని తేమను తీసివేసి పంపాలి. పొడి గ్యాసు కోసం ఉద్దేశించిన ఆ లైనులో తడి గ్యాసు ప్రవహించిందని, తేమ తీసే ఏర్పాటు లేదని, లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. లీకుల గురించి ముందే చెప్పామని గ్రామస్థులు పత్రికలవారితో అన్నారు. మృతుల కుటుంబాలకు 25 లక్షల రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. అందులో 20 లక్షలు గెయిల్ వంతు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇటువంటి మరణాల వేళ ఆదరణ కూటాలలో మేము "దైవచిత్తం" అనే మాట తొందరపడి వాడాము. దుఃఖంలో ఉన్నవారు తలవంచి విన్నారు. కాని పైపుకు పట్టిన తుప్పును దేవునికి అంటగట్టడం ఆదరణ ఎలా అవుతుంది? ధర్మశాస్త్రం అలా మాట్లాడదు. క్రొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టకపోతే, అక్కడ నుండి పడినవాని రక్తాపరాధం ఆ ఇంటిమీదికి వస్తుంది (ద్వితీ. 22:8). పొడిచే ఎద్దు సంగతి యజమానికి ముందే తెలియజేసినా అతడు దానిని భద్రం చేయకపోతే, మొదటిసారి పొడిచిన ఎద్దు యజమానికి లేని శిక్ష అతనికి ఉంది (నిర్గమ. 21:28, 29). తెలిసి ఊరకుండడం, తెలియక జరగడం ఒకటి కాదని మోషే కాలంలోనే గుర్తించారు. వేదాంత విద్యార్థులు ఈ వచనాలను ప్రాచీన పశుకాపరుల చట్టాలుగా చదివి విడిచిపెట్టడం మాకు బాధ కలిగిస్తుంది.

జీవన ప్రమాణం అంటే ఆదాయం ఒక్కటే కాదు. రాత్రి భయం లేకుండా పడుకోగలగడం, ఫిర్యాదు చేస్తే వినే అధికారి ఉండడం కూడా అందులో భాగమే. ఆదాయం మాట వచ్చింది కాబట్టి మరొక సంగతి. రాజోలు, మలికిపురం ప్రాంతాల స్త్రీలు ఎందరో కువైట్, మస్కట్‌లకు ఇంటిపనికి వెళుతున్నారు. మన సంఘాలలోనూ అలాంటి కుటుంబాలు ఉన్నాయి. అమ్మమ్మలు మనవలను పెంచుతున్నారు. సొంత నేల క్రింద చమురు, గ్యాసు ఉన్న తల్లి మరొక చమురు దేశంలో గిన్నెలు తోముతోంది. ఈ ఒక్క సంగతికి పరిశ్రమలనే కారణంగా చూపడం సరికాదు. కానీ పరిశ్రమ వచ్చిన చోట ఉపాధి దానంతటదే వస్తుందనే మాటను మాత్రం ఇది నిలదీస్తుంది.

తోటి కాపరులు ముందుగా చేయదగినది చిన్న పని. మీ ప్రార్థనా మందిరానికి, సంఘస్థుల ఇళ్లకు ఏ పైపులైను ఎంత దూరంలో పోతుందో హెచ్చరిక రాళ్లను చూసి తెలుసుకోండి. రాళ్ల మీది అత్యవసర ఫోను నంబరును మందిరపు గోడమీద వ్రాయించండి. గ్యాసు లీకయిందని అనుమానం వస్తే పొయ్యి వెలిగించకూడదని, లైటు స్విచ్చి ముట్టకూడదని, గాలికి ఎదురుగా దూరం వెళ్లాలని ఆదివారం బడి పిల్లలకు నేర్పండి. ఫిర్యాదు చేసేటప్పుడు వ్రాతపూర్వకంగా ఇచ్చి, తేదీతో రసీదు తీసుకొని, దాని నకలును మందిరంలో భద్రపరచండి.